ఫోన్‌తో లోతు కనిపించే జంట ఫొటో ఎలా తీయాలి, ఎలా చూడాలి: వేయి స్తంభాల గుడి నుంచి బతుకమ్మ దాకా

వేయి స్తంభాల గుడిలో స్తంభం చెక్కడాన్ని ఎంత మంచి ఫోన్‌తో తీసినా, ఇంటికొచ్చి చూస్తే గోడకు అతికించిన బొమ్మలా ఉంటోందని చాలామంది అడుగుతున్నారు. రామప్ప గుడిలో మదనికలు, అంటే చెక్కిన ఆడబొమ్మలు, ముందుకు వంగి నిలబడ్డ ఆ తీరంతా ఫొటోలో పోతోందంటున్నారు. తప్పు ఫోన్‌ది కాదు. రెండు కళ్లతో చూసే ఆ లోతు ఏ ఒక్క ఫొటోలోనూ ఉండదు. మన రెండు కళ్ల మధ్య సుమారు 63 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది కాబట్టి కుడికన్ను చూసే బొమ్మ, ఎడమకన్ను చూసే బొమ్మ ఒకేలా ఉండవు. దగ్గరి వస్తువు వెనకున్నదాని మీద కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. తల వెనకభాగంలో ఉండే దృష్టి కేంద్రంలో రెండు కళ్ల సమాచారం కలిసే కణాలున్నాయి. ఆ జరుగుడు ఎంతో చూసి మెదడు లోతును కడుతుంది. 1838లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ నీడలూ రంగులూ లేని ఉత్త గీతల బొమ్మలు రెండు గీసి, ఒక్కో కంటికి ఒక్కోటి చూపించి ఇదే రుజువు చేశాడు.

కాబట్టి మన పని రెండు ఫొటోలు తీసి ఒక్కో కంటికి ఒక్కోటి అందించడం. దీనికి నియమం ఒక్కటే: ఆ రెండు ఫొటోల మధ్య పక్కకు జరిగిన తేడా తప్ప ఇంకే తేడా ఉండకూడదు. ఎత్తు తేడా, వెలుతురు తేడా, వంకర, మధ్యలో కదిలిన మనిషి, ఏది చేరినా మెదడు రెంటినీ కలపలేక సతమతమవుతుంది. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఈ ఒక్క నియమం కోసమే.

కావలసినవి

- ఏ ఫోనైనా సరే, కెమెరా ఒక్కటున్నా చాలు
- 30 సెంటీమీటర్ల స్కేలు
- సమతలంగా ఉండే స్టూలు లేదా బల్ల, ఒక లావుపాటి పుస్తకం
- కొలాజ్ చేసే యాప్ ఏదైనా
- 12 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవున్న అట్టముక్క (బిస్కెట్ల డబ్బా అట్ట సరిపోతుంది)
- ఫొటో స్టూడియోలో 4×6 అంగుళాల ప్రింటు తీయించుకోవడానికి కాస్త చిల్లర

ముందు మీ కళ్లను చూసుకోండి

ఈ పరీక్ష దాటవేయకండి. ఇది చేయక, ఫొటోల్లో తప్పుందేమోనని వారాల తరబడి మళ్లీ మళ్లీ తీసేవాళ్లుంటారు.

ఇంట్లో ఒకరిని ఒక పెన్నును మొన పైకి ఉండేలా నిలువుగా, మీకు చేయిచాపు దూరంలో పట్టుకోమనండి. మీరు ఇంకో పెన్నును పైనుంచి కిందికి దించుతూ దాని మొనను ఆ మొన మీద ఆనించాలి. పక్కనుంచి తడుముతూ రావద్దు. రెండు కళ్లతో 10 సార్లు, ఒక కన్ను మూసి 10 సార్లు చేయండి. ప్రతిసారీ అవతలి మనిషి పెన్నును కొంచెం ముందుకో వెనక్కో మార్చాలి. రెండు కళ్లతో దాదాపు అన్నిసార్లూ తగులుతుంది. ఒక కంటితో అయితే మొన ముందే ఆగడమో, దాటిపోవడమో జరుగుతుంది.

రెంటికీ తేడా ఏమీ రాకపోతే మీ మెదడు రెండు కళ్లనూ కలిపి వాడటం లేదని అనుమానించాలి. చిన్నప్పటి మెల్లకన్ను, ఒక కంటి చూపు బాగా తక్కువగా ఉండటం, ఒక్క కంటికే శుక్లం ముదరడం మామూలు కారణాలు. అలాంటివాళ్లకు జంట ఫొటో లోతు చూపించదు. వాళ్లు రోజూ తిరగలేకపోతున్నారా అంటే అదేం లేదు. ఒకటి ఇంకొకదాన్ని కప్పడం, దూరమైనకొద్దీ చిన్నదవడం, నీడలు, దూరపు గుట్ట మసకబారడం, ఇవన్నీ ఒంటికంటికీ అందుతాయి. కానీ పిల్లల్లో ఈ తేడా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఏడేళ్ల లోపు మొదలుపెట్టిన వైద్యానికే ఎక్కువ ఫలితం ఉంటుంది. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని వదిలేయడం చాలా నష్టం.

ఫొటోలు తీయడం

మొదటిసారే గుడికి పోవద్దు. ఇంట్లో బల్ల మీద చెంబు, దాని వెనక గ్లాసు, ఇంకా వెనక గోడకు క్యాలెండరు ఉండేలా పెట్టుకుని అలవాటు చేసుకోండి.

1. కెమెరాను మామూలు లెన్స్ మీద, అంటే 1 అని చూపించే దగ్గర ఉంచండి. 0.5 వెడల్పు లెన్స్ అంచుల్ని లాగేస్తుంది కాబట్టి వద్దు. ఫిల్టర్లు, అందం పెంచే సెట్టింగులు ఆపేయండి. తెర మీద గడుల గీతలు వచ్చేలా పెట్టుకోండి.

2. ఫోన్ నిలువుగా పట్టుకుని తీయండి. నిలువు ఫొటో 3:4 కొలతలో వస్తుంది. తర్వాత రెండు పక్కపక్కన పెడితే ప్రింటుకు సరిగ్గా సరిపోతుంది.

3. అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు దూరం చూసుకోండి. దాన్ని 30తో భాగిస్తే ఎంత పక్కకు జరగాలో వస్తుంది. 60 సెంటీమీటర్ల దూరానికి 2 సెంటీమీటర్లు, 90కి 3, రెండు మీటర్లకు ఆరున్నర, మూడు మీటర్లకు 10, పది మీటర్లకు 33. దూరాన్ని గుడిలో టేపుతో కొలవక్కర్లేదు, అడుగులతో అంచనా చాలు. ఇంతకన్నా ఎక్కువ జరిగితే జరుగుడు మెదడు కలపగలిగే హద్దు దాటి వస్తువు రెండుగా కనిపిస్తుంది. మరీ తక్కువైతే అంతా అట్టముక్కలా చదునుగా ఉంటుంది.

4. స్టూలు మీద స్కేలును అడ్డంగా, మీరు తీసే వస్తువుకు సమాంతరంగా పెట్టి టేపుతో అంటించండి. ఫోన్‌ను పుస్తకానికి ఆనించి నిలబెట్టి, పుస్తకం అంచు స్కేలును తాకుతూ ఉండేలా చూడండి. ఇక ఫోన్ జరిగేది స్కేలు వెంబడే.

5. మధ్యలో ఉన్న వస్తువు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు రెంటికీ తాళం వేయండి. ఇది మరిస్తే రెండో ఫొటో ఒక రంగు ఎక్కువో తక్కువో వస్తుంది.

6. ముందు ఎడమ ఫొటో. తర్వాత పుస్తకంతో సహా కుడికి జరిపి కుడి ఫొటో. ఎప్పుడూ ఇదే వరస. ఒక జంట అయిపోగానే నేలను ఒక ఫొటో తీయండి. గ్యాలరీలో ఏది ఏ జంటదో ఆ నేల ఫొటోయే చెబుతుంది.

7. ఫోన్‌ను తిప్పొద్దు. జరిపాక వస్తువు మధ్యలో లేదని ఫోన్‌ను లోపలికి తిప్పి మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలనిపిస్తుంది. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. తిప్పితే ఒక ఫొటోలో ఎడమ అంచు, రెండోదాంట్లో కుడి అంచు పెద్దవవుతాయి. మూలల్లో ఎత్తు తేడా వస్తుంది. కళ్లు పక్కకు సర్దుకున్నంత తేలిగ్గా పైకీ కిందికీ సర్దుకోలేవు. తలనొప్పి వచ్చే జంట ఫొటోల్లో చాలావాటికి మూలం ఇదే. వస్తువు పక్కకు పోతే పోనివ్వండి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

జరుపు దూరం విషయంలో నమ్మకం కుదరకపోతే 1 సెంటీమీటరు చొప్పున జరుపుతూ ఐదారు ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంటికొచ్చాక వాటిలో ఏ రెండు బాగా కలుస్తాయో అవి తీసుకోవచ్చు. గుడికి మళ్లీ పోయే పని తప్పుతుంది.

గుడిలో, కోటలో స్టూలు లేకుండా

పురావస్తు శాఖ చూసుకునే చోట్ల కెమెరా స్టాండుకు అనుమతి అడుగుతారు. చెక్కడాల మీద స్కేలు, ఫోన్ ఆనించడం అసలే చేయొద్దు. చేతితోనే తీయాలి. పాదాలు జానెడు ఎడంగా పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. బరువంతా ఎడమకాలి మీద వేసి ఒకటి తీయండి. తల, భుజాలు తిప్పకుండా బరువును కుడికాలి మీదికి మార్చి రెండోది తీయండి. ఫోన్ 6, 7 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే రెండు మీటర్ల దూరంలో ఉన్న స్తంభానికి సరిగ్గా సరిపోతుంది. దూరంలో ఏదో ఒక గీతను, స్తంభం పీఠం అంచునో దూలాన్నో, తెర మీది అడ్డగీతతో కలిపి పెట్టుకుంటే రెండు ఫొటోలకూ ఎత్తు తేడా రాదు.

1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడిలో నునుపు పట్టిన నల్లరాయి ఈ పద్ధతికి గట్టి పరీక్ష. ఆ రాతి మీద వెలుగు మెరిసే చోటు ఎడమకంటికి ఒక చోట, కుడికంటికి ఇంకో చోట ఉంటుంది. విడిగా చూస్తే రెండు ఫొటోల్లోనూ అది తెల్ల మచ్చ. జంటగా చూస్తే ఆ మచ్చ రాతి పైపొర మీద కాకుండా రాతి లోపల ఎక్కడో తేలుతున్నట్టుంటుంది. రాయి నిజంగా మెరుస్తుంది. ఇది లోపం కాదు, చెరపొద్దు. కాకపోతే మచ్చ మరీ పెద్దదై చెక్కడాన్ని మింగేస్తుంటే, ఎండ నేరుగా పడని చోటికి మారండి. ఫ్లాష్ మాత్రం వద్దు. ఫోన్‌తో పాటే ఫ్లాష్ కూడా జరుగుతుంది కాబట్టి నీడలు కూడా జరిగి రెండు ఫొటోలూ కొట్లాడుకుంటాయి.

వరంగల్ కోటలో కీర్తి తోరణాలకు ఇంకో లెక్క. ఒక తోరణం లోంచి ఎదుటి తోరణం కనిపించేలా నిలబడితే లోతు అద్భుతంగా వస్తుంది. దగ్గరి తోరణానికి పది మీటర్ల దూరంలో ఉంటే 33 సెంటీమీటర్లు, అంటే దాదాపు అడుగు జరగాలి. ఇక్కడ బరువు మార్చడం చాలదు, ఒక అడుగు పక్కకు వేయాల్సిందే. ఈ లోపు మనుషులు, మబ్బు నీడలు కదిలిపోతాయి. పొద్దున్నే జనం లేనప్పుడు పోండి.

గోడ మీది చెక్కడం ఒక్కటే తీస్తున్నారనుకోండి, వెనక దూరపు దృశ్యం ఏమీ లేదు, మొత్తం లోతు జానెడు కూడా ఉండదు. అప్పుడు 30వ వంతు తక్కువే అవుతుంది. దాన్ని రెండింతలు, అవసరమైతే మూడింతలు చేయొచ్చు.

బతుకమ్మ

నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి వస్తువు ఇంకోటి లేదు. కదలదు, రంగులున్నాయి, వరస వరసకూ అంచు వెనక్కి పోతూ ఉంటుంది. తాంబాళాన్ని అరుగు మీద పెట్టి 90 సెంటీమీటర్ల దూరం నుంచి, పైపూల కన్నా కాస్త ఎత్తులో ఫోన్ ఉంచి, 3 సెంటీమీటర్లు జరపండి. మామూలు ఫొటోలో గునుగు పూల వరస ఒకే రంగు పట్టీ. పొడుగ్గా, సన్నగా ఉండే ఆ కంకులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. జంటలో చూస్తే ఏ కంకి ముందుకు పొడుచుకొచ్చిందో, ఏది వెనక్కి ఒదిగిందో, తంగేడు రేకుల మధ్య సందులో చీకటి ఎంత లోపలికి ఉందో విడివిడిగా తెలుస్తుంది. పేర్చిన చేతుల ఓపిక అప్పుడు కనిపిస్తుంది. తీసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. పైన వెలిగించిన దీపం ఉంటే రెండు ఫొటోల మధ్య ఆలస్యం లేకుండా తీయండి. ఒత్తి వెలుగు ఊగితే ఆ ఒక్క చోట కళ్లు గుచ్చుకుంటాయి.

రెండింటినీ కలపడం

1. ఖాళీ కాన్వాసు 120×80 మిల్లీమీటర్ల నిష్పత్తిలో, అంటే 3:2లో తీసుకుని పక్కపక్కన రెండు గళ్లు చేయండి. మధ్య అంచు సున్నా.
2. ఎడమ గడిలో ఎడమ ఫొటో, కుడి గడిలో కుడి ఫొటో. దీన్ని అట్టతో చూస్తాం. కళ్లను ముక్కువైపు తిప్పి చూసే పద్ధతి కావాలంటే తారుమారుగా పెట్టాలి.
3. ఒక స్పష్టమైన బిందువు ఎంచుకోండి. స్తంభం మూలో, పువ్వు మొనో. రెండు గళ్లలోనూ అది ఒకే ఎత్తులో ఉండేదాకా ఒక ఫొటోను పైకో కిందికో జరపండి. తెర మీద స్కేలు అడ్డంగా పెట్టి చూడండి.
4. అన్నిటికన్నా దగ్గరి వస్తువు రెండు గళ్లలోనూ ఆ గడి ఎడమ అంచు నుంచి ఒకే దూరంలో ఉండేలా పక్కకు సర్దండి. అప్పుడు దృశ్యమంతా కిటికీ అవతల ఉన్నట్టు కుదురుతుంది. లేకపోతే దగ్గరి వస్తువు చట్రం ముందుకు వచ్చి, అదే చట్రం అంచు దాన్ని కోసేసినట్టవుతుంది. ముందున్నదాన్ని వెనకున్నది కోయడమేమిటని మెదడు ఒప్పుకోదు.
5. వాట్సాప్‌లో స్టూడియోకు పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. 4×6 కాగితం మీద 120×80 మిల్లీమీటర్ల కొలతే రావాలని, కాగితం నిండా సాగదీయొద్దని గట్టిగా చెప్పండి. మెరవని కాగితం మేలు.

ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి కొలవండి. రెండు ఫొటోల్లో ఒకే దూరపు బిందువు మధ్య ఎడం 62 మిల్లీమీటర్లు దాటకూడదు. మన కళ్ల మధ్య ఎడం కన్నా అది ఎక్కువైతే కళ్లు బయటివైపు విప్పారాలి, అది వాటికి చేతకాదు. పిల్లలకు చూపించాలంటే ఒక్కో ఫొటోను 55 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గించండి.

చూడటం

అట్టముక్కను రెండు ఫొటోల మధ్య గీత మీద నిటారుగా నిలబెట్టి, పై అంచును ముక్కుకు ఆనించండి. ఎడమకంటికి ఎడమ ఫొటో, కుడికంటికి కుడి ఫొటో మాత్రమే కనిపించాలి. ప్రింటు మీద వెలుతురు రెండువైపులా సమంగా పడాలి, లేకపోతే అట్ట నీడ ఒకదాన్ని మింగుతుంది. కాగితాన్ని కాకుండా దానికి అవతల దూరంగా ఉన్న గోడను చూస్తున్నట్టు కళ్లను వదులు చేయండి. రెండు బొమ్మలూ మెల్లగా ఒకదాని మీదికి ఒకటి జారుతాయి. మొదట మసకగా ఉంటుంది. దగ్గర చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరగడం, ఫోకస్ దగ్గరికి రావడం కలిసే జరగడం అలవాటు. ఇప్పుడు ఆ రెంటినీ విడదీస్తున్నాం. పది, ఇరవై సెకన్లు ఓపిక పట్టండి. చత్వారం అద్దాలు ఉంటే తీయకండి.

కుదరకపోతే ఒకేలాంటి రెండు భూతద్దాలు, 10, 12 సెంటీమీటర్ల ఫోకస్ దూరం ఉన్నవి, కళ్ల ముందు పెట్టి ప్రింటును అంతే దూరంలో ఉంచండి. ఫోకస్ పని అద్దాలు చేస్తాయి కాబట్టి చాలామందికి వెంటనే కలుస్తుంది.

తారుమారు జంటకు అట్ట అక్కర్లేదు. బొమ్మకూ కళ్లకూ మధ్య పెన్ను మొన పెట్టి దాన్నే చూస్తూ, వెనక మూడు బొమ్మలు కనిపించేదాకా ముందుకూ వెనక్కూ జరపండి. మధ్య బొమ్మలో లోతుంటుంది. దీనికి 62 మిల్లీమీటర్ల హద్దు లేదు, ఫోన్ తెర మీదే చూడొచ్చు.

ఏ పద్ధతిలోనైనా ఒక విడతకు ఐదు నిమిషాలు మించొద్దు. తర్వాత కిటికీలోంచి దూరంగా చూడండి. తల బరువెక్కితే ఆ రోజుకు ఆపేయండి. మెల్లకన్నుకు వైద్యం జరుగుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

సరిగ్గా వచ్చిందా, ఎక్కడ తప్పింది

స్తంభం గొయ్యిలా, వెనక గోడ ముందుకొచ్చినట్టు ఉంటే రెండు ఫొటోలూ తారుమారయ్యాయి. విగ్రహం ముఖం మాత్రం తారుమారైనా మొండిగా ఉబ్బెత్తుగానే కనిపించొచ్చు. ముఖమంటే ఉబ్బెత్తే అన్న అలవాటు మెదడులో అంత బలమైనది. అందుకే ముఖం చూసి నిర్ణయించకండి, పక్కన స్తంభాన్ని చూడండి. కళ్లతో తేలకపోతే ఫొటోల్లోనే వెతకండి. దగ్గరి వస్తువుకు కుడిపక్కన వెనక దృశ్యం ఏ ఫొటోలో ఎక్కువ కనిపిస్తుందో అది కుడికంటి ఫొటో.

మనుషులు, చెట్లు నాటకంలో అట్టబొమ్మల్లా వరసల్లో నిలబడ్డట్టుంటే దూరం నుంచి జూమ్ చేసి తీశారన్నమాట. దగ్గరికి పోయి తీయండి. అన్నీ బొమ్మరిల్లులో సామాన్లలా చిన్నవిగా కనిపిస్తే ఎక్కువ జరిపారు.

60 మిల్లీమీటర్ల ఫొటోలో దగ్గరి బిందువు జంట మధ్య ఎడం, దూరపు బిందువు జంట మధ్య ఎడం విడివిడిగా కొలవండి. రెంటి తేడా 2 మిల్లీమీటర్లు దాటితే కళ్లకు కష్టం. అర మిల్లీమీటరు కూడా లేకపోతే లోతు రాదు.

ఒక చోట మాత్రం కళ్లు గుచ్చుకుంటూ మినుకుమినుకుమంటే అక్కడ ఏదో కదిలింది. ఆకు, జెండా, పావురం, నీటి అల. భద్రకాళి చెరువు గట్టున తీసినవాటిలో నీళ్లు ఎప్పుడూ ఇలాగే అవుతాయి. అలలు తక్కువగా ఉన్న పూటే తీయాలి, లేదా ఇద్దరు ఒకేలాంటి ఫోన్లు పక్కపక్కన పట్టుకుని ఒకేసారి నొక్కాలి.

బాగా వచ్చిన ప్రింటు వెనక పెన్సిల్‌తో జరుపు దూరం, వస్తువు దూరం, అట్టకా తారుమారుకా అన్నది రాసి పెట్టుకోండి. బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తిడి ముందువైపు గీతలా తేలుతుంది. ఆ గీత ఒక కంటి ఫొటోలోనే ఉండి, చూసిన ప్రతిసారీ గాల్లో వేలాడుతుంది.